మూసలో కరగిన మృగములు

వింత మృగముల బొమ్మలను మేలిమి వెండిపై ముద్రించి, సంతలో చెల్లించుటకు గాక పెట్టెలో దాచుకొనుటకే ఉద్దేశింపబడిన నాణెములను విక్రయించు వ్యాపారము ఈ కాలమున దేశదేశములందును వర్ధిల్లుచున్నది. ఇంగ్లండు ప్రభుత్వ టంకశాలవారు 2016 మొదలుకొని 2021 వరకు వరుసగా వెలువరించిన ‘రాణిగారి మృగములు’ అను శ్రేణి అట్టివానిలో మిక్కిలి పేరుగాంచినది; 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేక సందర్భమున జేమ్స్ వుడ్‌ఫర్డ్ అను శిల్పి రూపొందించిన పది ప్రతిమలే ఆ బొమ్మలకు మాతృకలు. గ్రద్ద తలయు సింహపు మేనును గల గ్రిఫిన్, నొసట ఒంటికొమ్ము గల గుఱ్ఱము, ఱెక్కలు గల డ్రాగన్ మున్నగునవి రెండేసి ఔన్సుల వెండిపై కొలువుదీరినవి. ఆ నాణెముపై చెక్కిన వెల అయిదు పౌండ్లు మాత్రమే. అందలి వెండి వెల అంతకు ఎన్నో రెట్లు అధికము. కావున దానిని అంగడిలో చెల్లించు అమాయకుడు ఎచ్చటను ఉండడు.

మృగమును నాణెమున కెక్కించుట మన కృష్ణా మూసీ తీరములకు క్రొత్త విద్య కాదు. ఏనుగు, సింహము, ఆదివరాహము, రెండు తలల గండభేరుండము తెలుగునేల నేలిన రాజుల నాణెములపై సంచరించినవే. అయినను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల నాణెచరిత్రను శ్రద్ధతో పరిశీలించువానికి ఒక విచిత్రము గోచరించును. మృగములు సీసముపై బ్రతికినవి, రాగిపై బ్రతికినవి, బంగారముపై సముద్రములు దాటి బ్రతికినవి. వెండిపై మాత్రము అవి కుదురుగా నిలువలేదు. వెండి నాణెము మన సీమలో ఎన్నడును కేవలము నాణెముగా ఉండలేదు. అది టంకశాలనుండి వెలువడిన నాడే కంసాలి మూసకు సగము దారి నడచినదని చెప్పవచ్చును.

సీసముతో ప్రారంభింతము. సూర్యాపేట జిల్లా నాగారం మండలములోని ఫణిగిరి కొండపై ఒకప్పుడు గొప్ప బౌద్ధారామము విలసిల్లినది. స్తూపము, చైత్యగృహములు, విహారములు, శిల్పఖచితమైన తోరణము ఆ కొండపై త్రవ్వకములందు బయల్పడినవి. ఆ తోరణశిల్పముల వన్నె ఎంతటిదనగా 2023లో న్యూయార్కు నగరపు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలవారు ప్రాచీన భారతీయ బౌద్ధకళపై ఏర్పరచిన ప్రదర్శనమున ఫణిగిరి శిల్పములకు చోటు లభించినది. ఆ కొండపైననే 2024 మార్చి నెలలో తెలంగాణ వారసత్వశాఖవారు త్రవ్వుచుండగా ఒక చిన్న మట్టికుండ చేజిక్కినది. కుండలో 3,730 సీసపు నాణెములు! ఒకవైపు ఏనుగు, రెండవవైపు నాలుగు కొసలను వృత్తములు గల సిలువవంటి ఉజ్జయినీ చిహ్నము. ఇవి విజయపురి రాజధానిగా ఏలిన ఇక్ష్వాకుల కాలము నాటివని పండితులు నిర్ణయించిరి. ఆ కుండను పూడ్చినవాడు భిక్షువో, వర్తకుడో, ఆరామమున లెక్కలు వ్రాయు కాయస్థుడో గాని, తిరిగి వచ్చి త్రవ్వుకొనలేదు. ఆతని తరువాత వచ్చినవారెవరును త్రవ్వుకొనలేదు. త్రవ్వుకొన్నను సీసమును కరగించి అమ్మిన కూలి గిట్టదు. పదునేడు వందల ఏండ్లు ఆ ఏనుగులు చెక్కుచెదరక యుండుటకు ఆ లోహపు పేదరికమే కారణము.

ఇక్ష్వాకులకు పూర్వులైన శాతవాహనుల కాలమునను ఇదియే తీరు. సీసముపైన, పొటినము అను మిశ్రలోహముపైన వారు ఏనుగును, సింహమును, గుఱ్ఱమును ముద్రింపించిరి. వెండిపైకి వచ్చుసరికి మృగము తొలగి రాజుగారి ముఖము ప్రత్యక్షమైనది. గౌతమీపుత్ర శాతకర్ణి క్షహరాట వంశపు నహపానుని జయించి ఆ పరాజితుని వెండి నాణెములపై తన ముద్రను గ్రుద్దించెను. 1906లో నాసిక ప్రాంతమున జోగళ్తెంబిలో దొరకిన 13,000కు పైబడిన నాణెములలో 9,000కు పైగా ఇట్లు తిరిగి ముద్రింపబడినవే. ఆ పద్ధతినే అనుసరించి ఆతని వారసులు వెలువరించిన వెండి నాణెములపై రాజశిరస్సు, వెనుకవైపు పర్వతము, నదీరేఖ, ఉజ్జయినీ చిహ్నము కలవు. పేరు ఒకవైపు ప్రాకృతమునను, రెండవవైపు దక్షిణదేశపు భాషలోను వ్రాయబడి యుండుట భాషాచరిత్రకారులకు ప్రీతికరమైన విషయము. అంతకు మునుపటి కార్షాపణములపై, అనగా ముప్పదిరెండు గురిగింజల ఎత్తు వెండిరేకు ముక్కలపై, సూర్యుడు, ఏనుగు, ఎద్దు, కొండపై నెమలి మొదలగు గుర్తులు గ్రుద్దబడి యుండెడివి. వెండిపై మన మృగముల తొలి విహారము అదియే. దాదాపు తుది విహారమును అదియే.

ఇక వెండిని ముద్దగా, ఎత్తునకు, వన్నెకు, పరదేశపు బొమ్మకు కొని దాచుకొనుట మనవారు ఎప్పుడు నేర్చిరి అను ప్రశ్నకు నల్లగొండ జిల్లాలోని అక్కెనపల్లి సమాధానము చెప్పుచున్నది. ఆ గ్రామమున దొరకిన నిక్షేపమున 1,531 రోమక దినారములు కలవు. సింహభాగము ఆగస్టసు, టైబీరియసు చక్రవర్తులవి. వానిని పరమేశ్వరీలాల్ గుప్తగారు పరిశీలించి ఆంధ్రదేశమున దొరకిన రోమక నాణెములపై 1965లో ప్రకటించిన గ్రంథమున వివరించిరి. రోమునగరమున సైనికునకు జీతమై, ద్రాక్షారసమునకు వెలయై చెల్లిన ఆ వెండి, అలెగ్జాండ్రియా మీదుగా సాగి, ఎఱ్ఱసముద్రము దాటి, మన సన్నని బట్టలకును మిరియములకును మణులకును మారకమై, ఈ కంకరనేలలో పూడ్చబడుటకు ఎన్ని చేతులు మారెనో! ఏటేట అయిదుకోట్ల సెస్టర్సులను హిందూదేశము తమనుండి లాగుకొనుచున్నదని ప్లీనీ మహాశయుడు తన ప్రకృతిచరిత్రమున వాపోయినాడు. ఆ వాపోత ఒక లోభి గొణుగుడు గాదు, మన వర్తకుల నేర్పునకు పరదేశీయుడు వ్రాసి ఇచ్చిన యోగ్యతాపత్రము.

ఆ నేర్పు ఎట్టిదో చూడుడు. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి దినారపు ఎత్తును తగ్గించి అందు రాగిపాలు పెంచెను. అంతట ఆ క్రొత్త దినారములు మన దేశమునకు వచ్చుట చాలవరకు నిలిచిపోయినట్లు మన నిక్షేపములను పరిశీలించినవారిలో పలువురు చెప్పుచున్నారు. మన వర్తకుడు ఆ నాణెముపై గల చక్రవర్తి ముఖమును చూడలేదు, బిరుదములను చదువలేదు. వెండిని మాత్రము ఒరసి చూచెను. దక్షిణదేశమున దొరకిన రోమక నాణెములలో పెక్కింటిపై గల చిన్న చిన్న గుర్తులు, ఉలిగాట్లు అట్టి పరీక్షకుల జాడలు. ఆగస్టసు తన జాతకరాశియగు మకరమును, మేకతలయు చేపతోకయు గల ఆ వింత జంతువును, కొన్ని దినారములపై ముద్రింపించినాడు. మన మకరతోరణములను చూచిన కన్నులకు అది చుట్టమువలెనే తోచును. కొరింథు నగరమువారు అంతకు ఎన్నో వందల ఏండ్ల పూర్వమే ఱెక్కల గుఱ్ఱమును వెండిపై నెగురవేసిరి. ఆ ఊరి నాణెము వలయునని మధ్యధరా సముద్రతీర వర్తకులు కోరుకొనిరి గాని, ఆ కోరికకు మూలము గుఱ్ఱమో వెండియో నిశ్చయించుట కష్టము. మనవాడైనచో వెండియే యని నేను చెప్పుదును.

దినారమన్న పేరు మాత్రము మన శిలలపై నిలిచినది. మిర్యాలగూడకు నైరుతిగా, నేడు సాగరజలముల నడుమ ద్వీపమైయున్న నాగార్జునకొండలో, ఇక్ష్వాకుల కోడలుగా వచ్చిన ఉజ్జయిని రాజపుత్రి రుద్రధరభట్టారిక 170 దీనారి మాషకములను మహాచైత్యమునకు దానమొసగినట్లు శాసనము కలదు. ఆ దానపు సొమ్ము ఏ కొలిమిలో చేరినదో ఎఱిగినవారు లేరు.

మృగములకు మహర్దశ విష్ణుకుండినులతో వచ్చినది. నల్లగొండ సీమ వారికి పుట్టినిల్లు వంటిది; పూర్వపు రామన్నపేట తాలూకాలోని తుమ్మలగూడెము, అనగా ఇంద్రపాలనగరము, వారి తామ్రశాసనములకు నెలవు. అందు విక్రమేంద్రుని శాసనము శకవర్షము 488, అనగా క్రీ.శ. 566 నాటిది. వారి రాగి నాణెములపై ముంగాలు ఎత్తి, నోరు తెరచి, తోక మెలివేసి నిలచిన సింహము కలదు. అడవిసింహమును ఏ టంకశిల్పియు ఎన్నడును చూచి యుండడు. ఆ కేసరి సగము విన్నది, సగము ఊహించినది. అందుకే దానియందు ప్రాణమున్నది. తరువాత వేంగిలో చాళుక్య కుబ్జవిష్ణువర్ధనుడు ‘విషమసిద్ధి’ అను తన బిరుదముతో సింహమునే నిలిపెను. ఆ వంశమువాడే అయిన శక్తివర్మయు, మన భారతకవికి ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుడును పలుచని వెడల్పైన బంగారురేకులపై ఛత్రచామరముల నడుమ వరాహమును ముద్రింపించిరి. విచిత్రమేమనగా, ఆ వరాహములు పెక్కు అరకాను తీరమునను సయాము దేశమునను దొరకినవి. ఇంటనున్నవి కరగిపోగా, ఓడలెక్కి పోయినవి బ్రతికినవి!

ఆ వరాహమునే కాకతీయులు తమ లాంఛనముగా స్వీకరించిరి. సూర్యాపేటకు కూతవేటు దూరమునగల పిల్లలమఱ్ఱిలో రేచర్ల రెడ్లు ఎత్తించిన శివాలయములను చూచినవారికి, ఆ కాలపు శిల్పి వింత మృగములను చెక్కుటలో ఎంతటి ప్రౌఢుడో చెప్పనక్కరలేదు. గద్యాణములు, మాడలు, రూకలు అని ఆ యుగపు శాసనములు సొమ్మును లెక్కించుచున్నవి. రూక వెండినాణెమని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. రాతిపైని మృగము నేటికిని కలదు. శాసనములందలి రూకల లెక్క నేటికిని కలదు. రూకలు లేవు. విజయనగరపు అచ్యుతరాయలు ఏనుగులను ముక్కులతోను గోళ్ళతోను పట్టి ఎగురుచున్న గండభేరుండమును ముద్రింపించెను గాని, అదియు బంగారముపైననే.

సుల్తానుల కాలమున నాణెముపై ప్రాణిరూపము తొలగి అక్షరము నిలిచినది. ఆ అందము వేఱు. అది మన విషయము కాదు. అసఫ్‌జాహీ ప్రభువుల హైదరాబాదు రాజ్యమున స్వంత నాణెము, హాలీ సిక్కా, చలామణి యగుచుండెను. ఇరువదవ శతాబ్దారంభమున ఆ రూపాయిపై చార్మినారు వెలసినది. దాని ద్వారమధ్యమున మహబూబ్ అలీఖాను కాలమున ‘మీమ్’ అను అక్షరము, ఉస్మాన్ అలీఖాను కాలమున ‘ఐన్’ అను అక్షరము ఉంచబడెను. బ్రిటిషు రూపాయిని మనవారు కల్దారనిరి. ఈ రెండింటి పోరు కోదాడ సూర్యాపేటలవారు ఎఱిగినంతగా మఱెవ్వరు నెఱుగరు.

ఏలయనగా, హైదరాబాదునుండి బెజవాడకు పోవు బాటలో సూర్యాపేట నిజాముది, కోదాడ నిజాముది. నడుమ మునగాల మాత్రము ఇంగ్లీషువారిది! నలువైపుల నల్లగొండ జిల్లా చుట్టియుండగా మునగాల పరగణా కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలో చేరియుండెను. దాని జమీందారగు నాయని వేంకటరంగారావుగారి కడ దివానుగా ఉండియే కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకు తోడ్పడి, తరువాత విజ్ఞానచంద్రికా మండలిని నడిపి, తెలుగువారికి చరిత్రరచనమున శాస్త్రీయమార్గమును చూపిరి. మన చరిత్రకారులలో అగ్రగణ్యుడు రెండు నాణెముల సరిహద్దున కాపురముండెనన్నమాట. సూర్యాపేటలో ఎడ్లబండి కట్టిన బేరగాడు హాలీతో బయలుదేరి, మునగాలలో కల్దారుతో వ్యవహరించి, కోదాడలో మరల హాలీకి వచ్చి, జగ్గయ్యపేట చేరునప్పటికి మరల కల్దారు పట్టవలసినవాడు. అడుగడుగున వట్టము, కరోడ్‌గిరి అను సుంకపు నాకా, సరాఫు గల్లాపెట్టె! ఒక్క ప్రయాణమున ఇన్ని మారులు చేతిలోని సొమ్ము విలువ మారు బాట మఱియొకటి కలదేమో గాని నాకు తెలియదు.

మారకము ఏడు హాలీలకు ఆరు కల్దారులు. ఈ నిష్పత్తి దివాణములో ఎవరో కూర్చుండి ఊహించినది గాదు. కల్దారు ఎత్తు 11.66 గ్రాములు, నూటికి 91.7 పాళ్ళు వెండి. హాలీ ఎత్తు 11.18 గ్రాములు, నూటికి 81.8 పాళ్ళు వెండి. లెక్కవేసి చూడుడు: మొదటిదానిలో వెండి సుమారు 10.69 గ్రాములు, రెండవదానిలో సుమారు 9.14. ఆరు కల్దారుల వెండియు ఏడు హాలీల వెండియు ఇంచుమించు సమానము. రెండు ప్రభుత్వముల ముద్రలు, బిరుదములు, చార్మినారు, కిరీటము అన్నియు పోగా, త్రాసులో తూగినది వెండియే. రోమక దినారమును ఒరసి చూచిన అక్కెనపల్లి వర్తకుడును, కోదాడ నాకాకడ కూర్చున్న సరాఫును ఒకే బడిలో చదివినవారు. కల్దారు సరిగా తులము తూగుటచే అది నాణెమును, తూనికరాయియు అయినది; మందుదినుసులు రూపాయెత్తు, కుంకుమపువ్వు అర్ధరూపాయెత్తు అని కొలుచు మాట మన పల్లెలలో నాణెము పోయిన తరువాతను నిలిచియున్నది.

మృగము వెండిపైకి తిరిగి వచ్చుట ఈ కల్దారుపైననే జరిగినది. వచ్చిన ఫలితమును వినుటకు నవ్వు వచ్చును. 1911లో అయిదవ జార్జి చక్రవర్తి బొమ్మతో క్రొత్త రూపాయి వెలువడెను. చక్రవర్తి ధరించిన బిరుదహారమున ఒక చిన్న ఏనుగు బొమ్మ కలదు. చెక్కిన టంకశిల్పి తొండమును మరీ పొట్టిగా చెక్కుటచే అది పందివలె కనుపించెను. మహమ్మదీయ ప్రజలు సహజముగా నొచ్చుకొనిరి. వదంతి దేశమంతట ప్రాకినది. సుమారు 94 లక్షల రూపాయలు ముద్రింపబడగా, విడుదలైన సుమారు 7 లక్షలు పోగా తక్కినవానిని ప్రభుత్వము నిలిపివేసి కరగింపవలసి వచ్చెను; 1912లో ఏనుగు తొండమును స్పష్టపరచి క్రొత్త ముద్రను దింపిరి. చాళుక్య కాకతీయులు ఆదివరాహమును తలపై పెట్టుకొని ఏలిన దేశమున, ఒక ఏనుగు పొరపాటున వరాహమై కొలిమిపాలగుట కాలవైపరీత్యము గాక మఱేమి? కరగక మిగిలిన ఆ ‘పందిరూపాయి’ కొఱకు నేడు నాణెసేకర్తలు ఎగబడుచున్నారు.

1940లో బ్రిటిషు ప్రభుత్వము రూపాయిలోని వెండిపాలును సగమునకు తగ్గించినది. 1947లో రూపాయి వెండినే వీడి నికెలుదైనది. 1950ల దశాబ్దమున హాలీ సిక్కా క్రమముగా చలామణినుండి తొలగింపబడెను. మంచి వెండి రూపాయలు ఏమైనవని ఎవరైన అడిగినచో, మన తల్లుల కాళ్ళవైపు చూడుమని చెప్పవలయును. పెండ్లిపెట్టుబడిగా వచ్చిన రూపాయలు కంసాలి ఇంట కడియములు, పట్టీలు, మొలత్రాళ్ళు, మట్టెలు అయినవి. అవియే కఱవు వచ్చిన ఏట షావుకారి ఇంట కుదువపడి, విడిపింపబడక, మరల మూసకు చేరినవి. వెండి నాణెమును నాణెముగానే ధరించు సంప్రదాయమును నిలిపిన ఘనత లంబాడీ స్త్రీలది. మిర్యాలగూడ, దేవరకొండ ప్రాంతపు తండాలలో ముసలమ్మల మెడలో రూపాయల హారమున విక్టోరియా రాణి, ఏడవ ఎడ్వర్డు, చార్మినారు ఒకే త్రాట గ్రుచ్చబడి యుండుట ఎఱిగినవారు ఎఱుగుదురు. కొంకి అతికించుటచే ఆ నాణెమునకు సేకర్తల అంగడిలో వెల తగ్గునని నిపుణులు పెదవి విఱతురు. తగ్గనిండు. ఆ కొంకి లేకున్నచో ఆ నాణెమే మిగిలి యుండెడిది కాదు.

క్రొత్తగా వచ్చు మృగముల వెండి నాణెములను గూర్చి నా అభిప్రాయము అడిగినచో, వానిని తృణీకరింపను. ప్లాస్టికు డిప్పలో ఊపిరాడక కూర్చుండు డ్రాగనులో విష్ణుకుండిన సింహపు పౌరుషము లేదన్నది నిజమే. ఏ రైతు చేతిచెమటయు అంటని నాణెమునకు చరిత్ర అబ్బుట దుర్లభము. కాని వెండివెలకు పైన బొమ్మకును కొంత వెల కట్టుట లోకము నేర్చినచో కొనుగోలుదారుడు దానిని కరగింపడు. మన సీమలో రెండువేల ఏండ్లు ఆ పైవెల కట్టినవాడు లేకుండుటచేతనే మన వెండి చరిత్ర ఆవిరియైపోయినది. దీపావళికి ధనత్రయోదశినాడు లక్ష్మీగణపతుల వెండిబిళ్ళలు కొను మన పట్టణములవారు ఫణిగిరి ఏనుగును, ఇంద్రపాలనగర సింహమును ఏ టంకశాలయైన వెండిపై దింపినచో కొనరా? తప్పక కొందురని నా నమ్మకము.

అంతవఱకు మిగిలినవానినైన కాపాడుకొనవలయును. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము నేలలో దొరకినచో కలెక్టరునకు తెలుపవలయును. తెలిపినవానికి చట్టమున రక్షణయు, పాలును కలవు. 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన నాణెము పురావస్తువు. దానిని ప్రభుత్వానుమతి లేక దేశము దాటించుట నేరము. నాగలిచాలున కుండ తగిలిన రైతు దానిని తాసిల్దారునకు చూపవలయునని, అరగిన పాత బిళ్ళ చేతికి వచ్చిన కంసాలి మూసను పొయ్యిమీద పెట్టుటకు ముందు దానికి రెండువైపుల ఛాయాచిత్రము తీసి, ఎత్తు వ్రాసి, పురావస్తుశాఖవారికి పంపవలయునని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పాఠకులకు నా మనవి.